బ్లేడు మీద పుట్టుమచ్చ

మామయ్యతో నేను నేరుగా మాట్లాడకూడదు. ఆయన పేరు నా నోట రాకూడదు, ఆయన కూర్చున్న బెంచీ మీద నేను కూర్చోకూడదు, ఎదురుపడితే తల దించుకుని పక్కకి తొలగాలి. కెన్యాలో మా కాంబా తెగవాళ్ళలో మామకీ కోడలికీ మధ్య ఉండే ఈ దూరాన్ని న్తోని అంటారు. అంటే గౌరవమట. మచాకోస్ కొండల్లో మా అత్తగారి ఊళ్ళో అయితే ఇదేం పెద్ద కష్టం కాదు. ఆడవాళ్ళు వంటపాకలో, మగవాళ్ళు బయట, ఎవరి లోకం వాళ్ళది. కానీ మేమిద్దరం చేసే పని ఒకటే. ఒకే హ్యాంగర్లో, ఒకే కంప్యూటర్ ముందు. ఖర్మ కాకపోతే ఏమిటిది?

నైరోబీలో జంతువుల పార్కు కంచెని ఆనుకుని చిన్న విమానాలు ఎగిరే మైదానం ఉంది. ఆ వరసలో చివరి హ్యాంగర్ మాది. విమానాల లోపల దెబ్బలు వెతకడం మా పని. ప్రొపెల్లర్ బ్లేడు పైకి నున్నగా నిగనిగలాడుతూ ఉంటుంది, లోపల మాత్రం పొరలు విడిపోయి ఉండొచ్చు. కార్బన్ నారని పొర మీద పొర పేర్చి, జిగురుతో అతికించి చేస్తారు ఈ బ్లేడ్లని. కడుపుతో ఉన్న ఆడవాళ్ళకి పొట్ట మీద జెల్ రాసి స్కాన్ చేస్తారే, మాదీ అదే పద్ధతి. జెల్ రాసి, ప్రోబ్ ఆనించి మెల్లగా జరుపుకుంటూ పోతే చెవికి వినపడని శబ్దం లోపలికి వెళ్ళి, పొరలన్నీ దాటి, అవతలి అంచుకి తగిలి తిరిగొస్తుంది. మధ్యలో ఎక్కడైనా పొర విడిపోయి ఉంటే అక్కణ్ణుంచే వెనక్కి వచ్చేస్తుంది. తెర మీద మంచి చోటు నీలంగా, చెడ్డ చోటు ఎర్రగా కనబడుతుంది. బొమ్మ గీసేది మిషనే అయినా ఎగరొచ్చో లేదో చెప్పేది మనిషి. అందుకే ప్రతి బొమ్మనీ ఇద్దరు పక్కపక్కన కూర్చుని చూడాలని మా హ్యాంగర్లో పెట్టుకున్న పద్ధతి.

ఈ పనంతా నాకు నేర్పింది మామయ్యే. అప్పటికి ఆయన నాకు మామయ్య కాదు, ముటీసో సార్. ఒకే బల్ల మీద, భుజాలు రాసుకునేంత దగ్గరగా కూర్చుని కొట్లాడుకునేవాళ్ళం. నేను ఎర్రగా ఉందంటే ఆయన కాదనేవాడు, ఆయన బాగుందంటే నేను మళ్ళీ జెల్ రాసేదాన్ని. "నీ నోరు పెద్దది పిల్లా, కన్ను దానికన్నా పెద్దది. అందుకే భరిస్తున్నా," అని నవ్వేవాడు. ఒక్కోసారి నా మాట నెగ్గితే రోజంతా మొహం ముడుచుకుని, సాయంత్రం వెళ్ళిపోయేముందు మాత్రం "సరేలే, నువ్వు చూసిందే కరెక్టు," అనేసి గబగబా నడిచిపోయేవాడు. పది మంది ఉండగా ఆ మాట ఎన్నడూ అనలేదు. ఎవరూ లేనప్పుడే అనేవాడు.

అంత నచ్చి, ఇంటికి తీసుకెళ్ళి కొడుక్కి చూపించాడు. కొడుకు కియోకో మొంబాసా రేవులో క్రేన్ నడుపుతాడు. కన్యాశుల్కం మేకలు మా పుట్టింటికి వెళ్ళాయి, పెద్దలు వచ్చారు, పెళ్ళయింది. సోమవారం పనికి వెళ్ళేసరికి నా పక్కన ఎప్పుడూ కూర్చునే మనిషి హ్యాంగర్ అవతలి మూలకి బల్ల మార్పించుకుని, నా వైపు వీపు పెట్టి కూర్చుని ఉన్నాడు. కోడల్ని తెచ్చుకుని, పనిలో తోడుని పోగొట్టుకున్నాడు. నాకు ఆ రోజు ఏడుపొచ్చింది, ఒళ్ళూ మండింది. కానీ ఎవరితో చెప్పుకోను? మా అమ్మతో చెబితే "అంత గౌరవం ఇచ్చే మామ దొరకడం అదృష్టం," అంది.

అప్పట్నుంచి మా మధ్య మాటలు మోసింది ఓగోలా. అతను మెకానిక్కు, లువో తెగ మనిషి, విక్టోరియా సరస్సు వైపు నుంచి వచ్చినవాడు. మా ఇద్దర్నీ చూసి పొట్ట పట్టుకుని నవ్వేవాడు.

"పెద్దాయనా, మీ కోడలు అంటోందీ..."

"వినపడిందిలేవయ్యా, నాకేం చెవుడా? జెల్ అంత పొయ్యద్దని చెప్పు, అదేమన్నా గంజా?"

"అమ్మాయ్, జెల్..."

"నాకూ చెవుడు లేదు!"

"మీ కాంబా వాళ్ళ పుణ్యమా అని నా జీతం మెకానిక్కుది, పని పోస్ట్‌మ్యాన్‌ది," అని గొణుక్కుంటూ వెళ్ళిపోయేవాడు.

నవ్వుకోడానికి బాగానే ఉండేది. కానీ ఇద్దరం పక్కపక్కన కూర్చుని బొమ్మ చూడడం మాత్రం ఆగిపోయింది. నేను చూసి, లేచి బయటికి వెళ్ళాలి. అప్పుడు ఆయన వచ్చి నా కుర్చీ తీసేసి, వేరే కుర్చీ వేసుకుని చూసేవాడు. నాలుగు కళ్ళు చూశాయి కదా అని మేనేజర్ గచాంజా కూడా సరిపెట్టుకున్నాడు. గొడవ పడడానికి పక్కన మనిషి లేకుండా చూసే చూపు వేరు. ఆ సంగతి మా అందరికీ తెలుసు, ఎవరమూ పైకి అనలేదు.

ఒక విమానం ఉండేది, ఒకే ప్రొపెల్లర్‌ది, ఎడారి వైపు జిల్లాలకి డాక్టర్లనీ మందులనీ చేరవేసేది. దాని పైలట్ లెమాయాన్, మసాయి కుర్రవాడు, పొడుగ్గా తాటిచెట్టులా ఉంటాడు, వేళాకోళం ఎక్కువ. ఒక పొద్దున దిగీదిగగానే నా దగ్గరికొచ్చాడు.

"ముంబువా, మీ బండి నా అరికాళ్ళకి చక్కిలిగింతలు పెడుతోంది. పెళ్ళి కావాల్సినవాణ్ణి, ఇలా అయితే ఎలా?"

"చెప్పుల్లో రాయి పడిందేమో చూసుకో."

"తమాషా కాదు. పెడళ్ళు వణుకుతున్నాయి. పైకి లేచేటప్పుడు మరీను."

బ్లేడ్లు విప్పించాం. అందులో ఒకదానికి మొదలు దగ్గర, అంటే లోహపు గొట్టంలోకి దిగే చోట, కర్మాగారం నుంచి వచ్చినప్పట్నుంచే ఒక చిన్న ఎర్ర మచ్చ ఉంది. జిగురు కొంచెం ఎక్కువ పడి గడ్డకట్టిన చోటు. ఇంత వరకు ఉంటే పరవాలేదని చేసినవాళ్ళే రాసిచ్చారు. ఇలాంటి వాటిని మేము పుట్టుమచ్చలు అంటాం. ఆ మాట పెట్టింది మామయ్యే. పుట్టుమచ్చ కనబడితే దాన్ని పోయినసారి తీసిన బొమ్మ పక్కన పెట్టి చూస్తాం. అలాగే ఉంటే సరే అని ముందుకెళతాం. ఈసారీ పెట్టి చూశాను. అలాగే ఉంది.

అయినా మనసు ఒప్పుకోలేదు. పెడళ్ళు ఊరికే వణకవు కదా. పోయినసారి బొమ్మని అంతకు ముందుదాని పక్కన పెట్టాను, అలాగే ఉంది. అలా వెనక్కి వెనక్కి వెళుతూ పోయాను. ఏ రెండు పక్కన పెట్టినా కవలల్లా ఉన్నాయి. చివరికి మొట్టమొదటి బొమ్మ, నా పెళ్ళికి ముందు సార్, నేనూ కలిసి తీసింది, దొరికింది. దాన్ని తెచ్చి ఇవాళ్టి బొమ్మ పక్కన పెట్టాను.

అప్పుడు చిక్కుడు గింజంత ఉన్న మచ్చ ఇప్పుడు నా అరచేతిలో సగం ఉంది. రోజూ చూసే తల్లికి బిడ్డ ఎదగడం తెలియనట్టే, ఒక్కోసారికి వెంట్రుకవాసి చొప్పున మా కళ్ళ ముందే పెరిగింది. అది పుట్టుమచ్చ కాదు. పొరలు విడిపోతున్నాయి. పైగా అప్పుడు గుండ్రంగా ఉన్నది ఇప్పుడు ఒక పక్కకి సాగి, లోహపు గొట్టం వైపు నాలుక చాపింది.

"ఓగోలా!" అని కేక పెట్టాను. "మామయ్యతో చెప్పు, ఈ బ్లేడు ఎగరకూడదు. పుట్టుమచ్చ పెరిగింది. మొదటి బొమ్మ చూడమను."

మామయ్య అవతలి మూలలోనే ఉన్నాడు, నేనన్నది వినే ఉంటాడు. ఓగోలా వెళ్ళి చెప్పేదాకా తల ఎత్తలేదు. కాసేపటికి ఓగోలా వచ్చాడు.

"ఆ బొమ్మ పాత ప్రోబ్‌తో తీసిందట. పాతదానికి చిన్నగా కనబడింది కొత్తదానికి పెద్దగా కనబడుతుందట. రెంటినీ పోల్చకూడదని నేను నేర్పిందే కదా, మర్చిపోయిందా అని అడగమన్నాడు."

అదీ నిజమే. ప్రోబ్ మారితే మచ్చ సైజు కొంత మారుతుంది. ఆయన తెలియక అనలేదు.

"సైజు మారుతుంది, ఒప్పుకున్నా. ఆకారం ఎలా మారుతుంది? నాలుక ఎలా మొలిచింది? అదడుగు."

వెళ్ళాడు, వచ్చాడు. "ఆలోచిస్తానన్నాడు."

"ఆలోచించడం కాదు. ఒక్కసారి వచ్చి నా పక్కన కూర్చుని చూడమను. పాత ప్రోబ్ ఆయన బీరువాలోనే ఉంది, అది తెమ్మను. ఇద్దరం కలిసి మళ్ళీ తీద్దాం."

ఓగోలా మొహంలో నవ్వు పోయింది. "అమ్మాయ్, అది మాత్రం నా నోటితో అడగలేను. కోడలు పక్కన కూర్చోమంటోంది రా అని మామని పిలవమంటావా? నన్ను తంతాడు, ఆ తర్వాత నిన్ను ఊళ్ళోకి రానివ్వరు."

"తన్నించుకో. పో."

పాపం, వెళ్ళాడు. ఏమని అడిగాడో తెలీదు. తిరిగొచ్చి, "నువ్వు భోజనానికి వెళ్ళు. అప్పుడొచ్చి చూస్తానన్నాడు," అన్నాడు. ఈలోగా గచాంజా కూడా వచ్చి నెత్తి మీద నిలబడ్డాడు. మర్నాడు పొద్దున్నే డాక్టర్లని మార్సబిట్ తీసుకెళ్ళాలట, అక్కడ కలరా పాకిందట, విమానం ఈ సాయంత్రానికి కావాలట. "తొందరగా తేల్చండమ్మా, మీ ఇద్దరి మధ్య నేను చస్తున్నా," అన్నాడు.

రెండు బొమ్మలూ తెర మీద పక్కపక్కనే వదిలేసి, లేచి బయటికి నడిచాను. నేను లేస్తేనే ఆయన కూర్చోగలడు మరి. గేటు దగ్గర టీ కొట్టులో మొక్కజొన్న, చిక్కుళ్ళు ఉడికించిన గిన్నె ఒకటి తీసుకున్నాను. నాలుగు ముద్దలు కూడా దిగలేదు. పక్కన కూర్చుంటే ఇదంతా చిటికెలో తేలిపోయే పని. వేలు పెట్టి చూపిస్తే, ఆయన కాదంటే, నేను మళ్ళీ అంటే, మూతి ముడుచుకుంటూ ఒప్పుకునేవాడు. అలాంటిది ఎక్కడో టీ కొట్టులో కూర్చుని ఆయనకి నా వేలు కనబడకపోయినా నా ఆలోచన కనబడాలని కోరుకుంటున్నాను. నా మీద నాకే కోపం వచ్చింది.

తిరిగొచ్చేసరికి బల్ల మీద బ్లేడు లేదు. విమానం బయట ఎండలో ఉంది. మామయ్య బాగుందన్నాడట, బ్లేడ్లు బిగించేశారు.

మా దగ్గర ఇంకో పద్ధతి ఉంది. విమానాన్ని బాగుందని ఎవరు ఒప్పుకుంటారో వాళ్ళే మొదటిసారి ఎగిరేటప్పుడు పైలట్ పక్క సీట్లో కూర్చోవాలి. ఎవరు పెట్టారో తెలీదు కానీ పైలట్లకి అదంటే నమ్మకం. లెమాయాన్ అప్పటికే లోపల కూర్చున్నాడు. మామయ్య మెట్టు మీద కాలు పెడుతున్నాడు. మైదానం పనివాళ్ళు, సామాను ఎత్తేవాళ్ళు, టీ తెచ్చిన ముసలమ్మ, గచాంజా, అందరూ నీడలో నిలబడి చూస్తున్నారు. విమానం మొదటిసారి లేస్తుంటే చూడడం అందరికీ సరదా.

పరిగెత్తాను. "మామయ్యా! ఎక్కకండి మామయ్యా!"

ఆయన తిరగలేదు. కోడలు పిలిస్తే మామ తిరగకూడదు. విననట్టే ఉండాలి, అదే మర్యాద. ఇంకో మెట్టెక్కాడు.

"మామయ్యా, నా మాట వినండి!"

వినలేదు. వింటున్నాడని నాకు తెలుసు. విననట్టు నటించడం ఆయన నాకిచ్చే గౌరవం. ఆ గౌరవం పాడుగానూ అనిపించింది. నా నోరు నేను ఆపుకోలేదు, ఆపుకోవాలనీ అనుకోలేదు.

"ముటీసో! ముటీసో వా కియోకో! దిగు కిందకి!"

ఎవరో మంత్రం వేసినట్టు అందరూ కొయ్యబారిపోయారు. టీ ముసలమ్మ నోటి మీద చెయ్యి పెట్టుకుని "అయ్యో, అయ్యో, ఎంత పని చేశావే!" అంది. మాలో ఆడది మామని తిట్టినా ఇంత తప్పు కాదు, పేరు పెట్టి పిలవడం అంతకన్నా పెద్దది. అందులోనూ, నా మొగుడికి పెట్టిన ఆయన తండ్రి పేరుతో కలిపి, అంతమంది ముందు, దిగు అని.

మామయ్య తిరిగి నా మొహంలోకి చూశాడు. పెళ్ళయ్యాక అదే మొదటిసారి. ఆయన కళ్ళలో కోపం లేదు, కొట్లాడుకునే రోజుల్లో నా వేలు చూపించిన చోట వంగి చూసేవాడే, ఆ చూపు ఉంది. ఆయన కాలు ఒక మెట్టు కిందకి దిగింది. హమ్మయ్య, విన్నాడు అనుకున్నాను.

అప్పుడు గచాంజా వెనక నుంచి అరిచాడు. "ఇంటి గొడవలు ఇంట్లో పెట్టుకోండమ్మా! ఇది పని చేసే చోటు!"

ఎవరో కిసుక్కున నవ్వారు. మామయ్య చూపు నా మీద నుంచి నా వెనకున్న వాళ్ళ మీదికి వెళ్ళింది. అందర్నీ చూశాడు. లెమాయాన్ కిటికీలోంచి తల బయటికి పెట్టి, "ఏంటి పెద్దాయనా, ఎగరాలా వద్దా?" అనడిగాడు.

"నేను నీ పక్కనే కూర్చుంటున్నాగా. ఇంకేం కావాలి నీకు? స్టార్ట్ చెయ్యి," అని ఎక్కేశాడు.

ప్రొపెల్లర్ ముందుకి వెళ్ళి నిలబడదామని ఉరికాను. ఓగోలా నడుం పట్టి వెనక్కి లాగాడు. గోళ్ళతో రక్కాను, వదల్లేదు. "నువ్వు చచ్చిపోతావే పిచ్చిదానా!" అని అరుస్తున్నాడు. విమానం మట్టి లేపుకుంటూ వెళ్ళి, పార్కు కంచె మీదుగా లేచింది.

ఒక చుట్టు తిరగడానికి ఎడమకి వంగింది. అప్పుడు వినపడింది ఆ చప్పుడు. పెద్దదేం కాదు, ఎండు కర్ర విరిచినట్టు. ఆ వెంటనే ఇంజను ఊగి, విమానం ముక్కు పక్కకి తిరిగిపోయి, కంచె అవతల గడ్డి మైదానంలోకి జారిపోయింది. దుమ్ము లేచింది. జీబ్రాలు చెల్లాచెదురుగా పరిగెత్తడం ఇక్కడికే కనబడింది. ఓగోలా చేతులు అప్పుడు వదిలాయి.

లెమాయాన్‌ని బతికుండగా బయటికి లాగారు. మామయ్యని తొందరపడి బయటికి లాగే అవసరం లేకపోయింది.

పాతిపెట్టడానికి మచాకోస్ తీసుకెళ్ళాం. ఊరంతా వచ్చింది. నేను వంటపాకలో ఒక మూల కూర్చుంటే నా చుట్టూ జాగా వదిలి కూర్చున్నారు. "పేరు పెట్టి పిలిచిందట. పిలిచిన నిమిషానికే పోయాడట," అని ఒకావిడ ఇంకో ఆవిడకి చెబుతుంటే నేను వింటున్నాను, నేను వినాలనే చెబుతున్నారు. పెద్దలు కూర్చుని, నా నోటికి శుద్ధి చెయ్యాలని తేల్చారు. మేకని కోసి, దాని పొట్టలో అరగని పచ్చిగడ్డి రసం తీసి నా నాలుక మీద రాశారు. వాంతి రాబోతే ఆపుకున్నాను. రాయాల్సింది నా నాలుక మీదా? కియోకో పక్కనే నిలబడి నేల చూస్తున్నాడు. నా భుజం మీద చెయ్యి వేస్తాడేమో అనుకున్నాను, వెయ్యలేదు. నన్ను ఒక్క మాట అనని మనిషి అత్తయ్య ఒక్కతే.

విమానాల దర్యాప్తు చేసేవాళ్ళు బ్లేడు ముక్కలు ఏరి, కోసి చూశారు. మొదలు దగ్గర పొరలన్నీ పుస్తకం విప్పినట్టు విడిపోయి ఉన్నాయి. ఇదే అని నా బొమ్మల్ని అడిగి తీసుకెళ్ళారు. నేను చెప్పింది నిజమని తేలింది. తేలి నాకేం ఒరిగింది?

లెమాయాన్ ఆసుపత్రిలో ఉన్నాడు. కుడి కాలు తొడ దాకా తీసేశారు. మా మనిషి పక్కన కూర్చుని దెబ్బ తిన్నాడు కనక అతణ్ణి చూసుకోవడం మా బాధ్యత అని అత్తయ్య రోజూ జావ కాచి పట్టుకెళ్ళేది. ఒక రోజు నేనూ వెళ్ళాను. అత్తయ్య బయట బెంచీ మీద కూర్చుంది. నేను లోపలికి వెళ్ళి మంచం పక్కన నిలబడ్డాను.

"వచ్చావా," అన్నాడు. వేళాకోళం ఏమీ మిగల్లేదు ఆ గొంతులో. "నీకో మాట చెప్పాలి. దర్యాప్తు వాళ్ళకి చెప్పలేదు."

"చెప్పు."

"చక్రాలు నేల వదిలాక ముసలాయన నా చెయ్యి పట్టుకున్నాడు. ఒక్క చుట్టు తిప్పి దించెయ్, ఆ బ్లేడు నేనే విప్పి పారేస్తా అన్నాడు. ఎందుకూ, ఇప్పుడే కదా బాగుందన్నావ్ అన్నా. ఏమన్నాడో తెలుసా? ఆ పిల్ల ఊరికే నా పేరు పలకదు, చూసే పలికింది, అది చూసిందంటే అక్కడ ఉన్నట్టే అన్నాడు."

మంచం కమ్మీ పట్టుకున్నాను.

"నమ్మాడు ముంబువా. నేల మీద ఉండగానే నమ్మాడు." లెమాయాన్ గొంతు పెరిగింది. "మరి నేల మీద ఉండగా ఎందుకు చెప్పలేదని అడిగా. అంతమంది ముందు కోడలు దిగమంటే ఎలా దిగను, ఒక్క చుట్టేలే అన్నాడు. ఒక్క చుట్టేలే! ఆయన పరువుకి నా కాలు కావలసి వచ్చిందా? నన్నెందుకు తీసుకెళ్ళాడు? చెప్పు, నన్నెందుకు?"

దుప్పటి కింద కాలు లేని చోటు వైపు చూడకుండా ఉండడానికి అతని మొహంలోకే చూస్తూ నిలబడ్డాను. కాసేపటికి అతనే అటు తిరిగి పడుకుని, "జావ అక్కడ పెట్టి వెళ్ళు," అన్నాడు.

బయటికి వచ్చేసరికి అత్తయ్య లేచి నిలబడి ఉంది. తలుపు సందులోంచి కేకలు విందేమో.

"ఏమన్నాడు పిల్లాడు?"

అబద్ధం చెబుదామనుకున్నాను. నాకు చేత కాదు. అంతా చెప్పాను.

"నిన్ను నమ్మాడా?" అనడిగింది.

"నమ్మారు."

"మరి దిగొచ్చుగా."

"అందరూ చూస్తున్నారు అత్తయ్యా."

అత్తయ్య కొంగుతో కాదు, అరచేత్తోనే మొహం గట్టిగా తుడుచుకుంది. తర్వాత నా చెయ్యి పట్టుకుని, గొంతు తగ్గించి, "ఈ మాట ఇక్కడే వదిలెయ్యి తల్లీ. కియోకోకి చెప్పకు. నీ నోటి వల్లే పోయాడని ఊళ్ళో అనుకుంటే అనుకోనీ, నాలుగు రోజులకి మర్చిపోతారు. సిగ్గుపడి దిగలేక చచ్చాడని తెలిస్తే మాత్రం ఆయన్ని ఎప్పటికీ మర్చిపోరు," అంది.

"అలాగే అత్తయ్యా," అన్నాను. ఆవిణ్ణి బస్సెక్కించాను. బస్సు మలుపు తిరిగిందో లేదో మొంబాసాకి ఫోన్ చేశాను. నా వల్ల కాదు. ఈ బరువు కూడా నేనే మొయ్యాలా? కనీసం నా మొగుడికైనా నిజం తెలియాలి.

మొదట్నుంచీ చెప్పాను. పుట్టుమచ్చ, రెండు బొమ్మలు, ఓగోలాతో పంపిన మాటలు, మెట్టు మీద ఆయన నన్ను చూసిన చూపు, గాల్లోకి లేచాక ఆయన అన్న మాట. వాళ్ళ నాన్న నన్ను నమ్మాడనీ, నేను ఆయన్ని చంపడానికి కాదు దింపడానికే పిలిచాననీ చెప్పాను. అవతల రేవులో క్రేన్ల చప్పుడు వినపడుతోంది. కియోకో మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. నేను ఆపాక గట్టిగా ఊపిరి తీసుకున్నాడు.

"అదంతా సరే ముంబువా," అన్నాడు. "అంతమంది ముందు నాన్న పేరు నీ నోట ఎలా వచ్చింది?"